మూగజీవుల న్యాసము

"ఏమ్మే, మనుషులు దిగేదానికే మన ఊర్లో సత్రం లేదు, కుక్కలకు సత్రం పెడతావా?" అని మా పొరుగింటి అవ్వ నాలుగేండ్ల క్రిందట నన్నడిగినది. ఆమె నవ్వుచునే యడిగినను, ఆ ప్రశ్నకు నాయొద్ద నప్పుడు తగిన సమాధానము లేకపోయెను. నేడు కొంత కలదు. దానినే సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

మాది హిందూపురమునకును పెనుకొండకును నడుమనున్న యొక చిన్న గ్రామము. మావారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారి యొద్ద నింటనే కూర్చుండి భారతభాగవతములును, కొన్ని కావ్యములును, స్మృతులలోని కొన్ని ప్రకరణములును చదువుకొంటిని. ఇట్టిదానికి కుక్కల పోషణమేమి యని మీరును నవ్వవచ్చును. నేను కోరి తెచ్చుకొన్న పని కాదది; ఒకరి కష్టము వలన మా గడప త్రొక్కినది.

మావారితో పనిచేయు నొక మాస్టారు తమ తల్లికి శస్త్రచికిత్స చేయించుటకై బెంగుళూరునకు పోవలసి వచ్చెను. వారింట రాజు అను నాటుకుక్క యుండెను. రైలులో కుక్కను తీసికొనిపోవలెనన్నచో మొదటితరగతిలో గది మొత్తము తమకే తీసికొనవలెను. లేదా గార్డుపెట్టెలోని గూటియం దుంచవలెను. ఆస్పత్రికి పోవువారికి రెండును పొసగవు. పూర్వము ఉమ్మడి కుటుంబములలో నెవరు ఊరికి పోయినను ఇంట మఱియొకరుండిరి. ఇప్పుడు తలుపునకు తాళము వేసినచో లోపల మిగులునది కుక్కయే. "వదినా, పదిదినాలు చూసుకుంటారా?" అని ఆ మాస్టారి భార్య కన్నీటితో నడిగినది. కాదనలేకపోతిని.

ఆ పదిదినములు గడచిన పిమ్మట మాట నలుదెసల ప్రాకినది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుదారిపై నున్నవి గదా! 2019వ సంవత్సరమున పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచి యొద్ద కియా కర్మాగారమున కార్లు తయారగుట మొదలైనది. అప్పటినుండి దూరప్రాంతముల కుటుంబము లెన్నో ఈ చుట్టుపట్ల కాపురములు పెట్టినవి. వారికిచ్చట చుట్టములు లేరు. పండుగకు సొంతయూరికి పోవునపుడు కుక్క నెవరికప్పగింతురు? ధర్మవరమునుండి మగ్గముగల యొక కుటుంబము బెంగుళూరిలో పెండ్లికి పోవుచు తమ కుక్కను మాయింట దింపి, "అక్కా, ఇంట్లో వదిలిపెడితే మగ్గం మీది పట్టంతా కొరికిపెడతాది" అని చెప్పినది. ఈ విధముగా నొకటి నాలుగైనవి. నాలుగింటికి మించి యే దినమునను నేను తీసికొనను.

మన ధర్మశాస్త్రములయందు న్యాసము, నిక్షేపము, ఉపనిధి యను మాటలు కలవు. ఒకరు నమ్మకముతో నింకొకరియొద్ద దాచుకొన్న సొత్తునకు ఆ పేళ్లు. మనువు వ్యవహారపదములు పదునెనిమిదింటిని లెక్కించుచు ఋణాదానము తరువాత రెండవదిగా నిక్షేపమునే చెప్పెను. యాజ్ఞవల్క్యస్మృతియం దుపనిధి కొక ప్రకరణమే కలదు. కుక్కను నాకప్పగించి రైలెక్కువారిని చూచునపుడెల్ల నాకా ప్రకరణమే జ్ఞప్తికి వచ్చును. అయితే నగయైనచో పెట్టెలో పెట్టి తాళము వేసిన చాలును. ఈ న్యాసము ఆకలిగొనును, జ్వరపడును, గోడ దూకును, రాత్రివేళ యజమానికై యేడ్చును. ఇట్టిదానిని పుచ్చుకొన్నట్లే తిరిగి యొప్పగించుట యెంత కష్టమో చేసినగాని తెలియదు.

మా పెరటియందు పూర్వ మెద్దుల కొట్టముండెను. దానినే బాగుచేయించితిమి. నేలకు కడపబండలు పఱపించి, కడిగిన నీరు నిలువక కాలువలోనికి పోవునట్లు వాలు పెట్టించితిమి. నాలుగు గదులు, ఒక్కొక్క గది ముందర పది యడుగుల ఆవరణము. గదికిని గదికిని నడుమ కమ్ములు గాక నిండుగోడ యుండవలెను. కుక్క లొకదాని నొకటి రేయింబవళ్లు చూచుచుండినచో మొఱుగుట మానవు. మొఱిగి మొఱిగి తిండియు మానును. వెలుపలికి పోవుచోట నొకదాని వెనుక నొకటిగా రెండు తలుపు లుండవలెను. మొదటిది మూసినగాని రెండవది తెఱువరాదు. బెదరిన కుక్క క్షణములో కాళ్లసందునుండి జాఱిపోవును. తెలియని యూరిలో నది యింటిదారి యెఱుగదు.

మా సీమ యెండలు మీకు తెలియనివి కావు. మనుష్యులకువలె కుక్కకు శరీరమంతటను చెమట పోయదు. అరికాళ్లయందు మాత్రమే కొంచెము పోయును. నాలుక వ్రేలవేసి రొప్పుటయే దానికి చల్లబడు మార్గము. మూతి చదునైన పగ్గు మొదలగు జాతులకు ఆ రొప్పుటయు సరిగా సాగదు. కనుక రేకుల కప్పుపై బోద వేయించితిమి. కానుగచెట్టు నీడ కొట్టముపై పడుటయు మా యదృష్టము. సూర్యోదయమునకు ముందును, చీకటి పడిన పిమ్మటను మాత్రమే త్రిప్పవలెను. చేతివెనుకభాగమును నేలపై ఏడు లెక్కించునంతసేపు ఉంచలేకపోయినచో ఆ నేలపై కుక్కను నడిపింపరాదు. వడదెబ్బ తగిలి తూలుచున్నచో చల్లని నీటితో మేనంతయు తడిపి, విసరుచు, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. మంచుగడ్డలు పెట్టరాదు.

తిండి విషయమున నేను మొదట పొరపాటు పడితిని. వచ్చిన కుక్కకెల్ల రాగిసంగటి, మజ్జిగ పెట్టితిని. రాజునకది యలవాటే గనుక కడుపార తినెను. సంచిలో వచ్చు ఎండుమేత తిని పెరిగిన పట్టణపు కుక్కకు విరేచనములు పట్టుకొన్నవి. తిండి హఠాత్తుగా మార్చుట యే జాతికిని మంచిది కాదు. కనుక ఎవరి కుక్క తిను తిండిని వారినే తెమ్మనుచున్నాను. నీరుల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్టు కుక్కకు విషములు. మన పోపుకూరలలో మొదటి రెండును లేనివెన్ని? మా ప్రాంతమున నింకొకటి జ్ఞాపకముంచుకొనవలెను. ఇది వేరుసెనగ పండు నేల. తడిసి బూజుపట్టిన గింజలలో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అది కాలేయమును చెఱుచును. మనము తినక పాఱవేయు గింజలను "కుక్కకు పెట్టరాదా" యనుట తఱచు విందుము. పెట్టరాదు.

కుక్కను దింపుకొనుటకు ముందు నోటుపుస్తకమున కొన్ని సంగతులు వ్రాసికొందును. టీకాల కార్డు, తిండివేళలు, మందులు, దేనికి బెదరును, ఎవరినైన కఱచినదా, ఆపదలో నెవరికి ఫోను చేయవలెను, ఏ దినమున తీసికొనిపోవుదురు. దీనితోబాటు యజమాని కట్టి విడిచిన పాతగుడ్డ యొకటి యడుగుదును. మొదటిరాత్రి కుక్క తిండి ముట్టదు. తలుపువైపు మొగమై కూర్చుండి, వీధిలో మోటారు చప్పుడైనప్పుడెల్ల చెవులు నిక్కించును. ఆ గుడ్డను ప్రక్కన వేసినచో దానిపై మూతి నానించి తెల్లవాఱుజామున కెట్లో నిదురపోవును. ఆ వేళ లాలించుచు మీదపడరాదు. దగ్గఱగా పీట వేసికొని నేను భారతము చదువుకొందును. మనిషి గొంతు వినబడుచుండిన చాలును.

వెఱ్ఱికుక్కకాటు సంగతిని ప్రత్యేకముగా చెప్పవలెను. ఆ రోగము లక్షణములు బయటపడిన పిమ్మట ప్రాణము దక్కుట లేదనియే చెప్పవచ్చును. కాని ముందుగా నివారింప వీలైనది. 1885వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున పాశ్చరు పండితుడు కుక్కకఱచిన యొక బాలునికి తన టీకావేసి కాపాడెను. కుక్కకు మూడునెలల వయస్సున మొదటి టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. ఎవరినైన కుక్క కఱచినచో, గీచినచో, ఆ గాయమును పదునైదు నిమిషములు ధారగా పడు నీటితోను సబ్బుతోను కడిగి, వెంటనే ఆస్పత్రికి పోయి సూదిమందు వేయించుకొనవలెను. పసుపు, సున్నము, కారము అద్దుచు కాలము పోగొట్టరాదు.

ఇన్ని నియమములు నేను పుట్టుకతో నెఱిగినవి కావు. ఒకదానిని మిక్కిలి వెలపెట్టి నేర్చుకొంటిని. చెప్పుటకు సిగ్గుగా నున్నను చెప్పవలెను.

రెండవయేట వేసవి సెలవులలో మాకు పరిచయమైన కుటుంబమొకటి తిరుపతి ప్రయాణమై రెండునెలల కుక్కపిల్లను తెచ్చెను. పేరు చింటు. వారి యెనిమిదేండ్ల బాలిక దానిని గుండెలకు హత్తుకొని వచ్చినది. కార్డు చూపుమంటిని. "ఒక సూది వేయించినాము వదినా, రెండోది తిరిగొచ్చినాక వేయిస్తాము. నాలుగుదినాలే కదా" అని ఆ తల్లి యనినది. నా మనస్సున సంశయము కలిగెను. గడపలో బండి నిలిచియున్నది. పిల్ల నా మొగమే చూచుచున్నది. ఏ నోటితో కాదందును? మొగమాటమున నా నోరు మూతపడినది. చింటును తీసికొంటిని.

రెండవదినము సాయంకాలము అది పాలు ముట్టలేదు. రాత్రి నాలుగుమార్లు వాంతి చేసికొనెను. తెల్లవాఱకముందే రక్తముతో విరేచనములు మొదలైనవి. మావారును నేనును ఆటోలో హిందూపురమునకు తీసికొనిపోయితిమి. పశువైద్యులు చూచి పార్వో యనిరి. ఆ రోగమును కలిగించు క్రిమి 1978వ సంవత్సర ప్రాంతమున మొదట గుర్తింపబడి, రెండుమూడేండ్లలో లోకమంతట వ్యాపించినదట. దానిని చంపు మందు లేదు. సెలైను ఎక్కించి, వాంతి నాపి, పిల్ల తనంతట తాను గెలుచువఱకు నిలబెట్టుటయే చికిత్స. రెండుదినములు నేను దాని ప్రక్కనే కూర్చుంటిని. మూడవదినము మధ్యాహ్నము నా ఒడిలో ప్రాణము విడిచెను.

తిరుపతికి ఫోను చేసి ఆ మాట చెప్పుట నా జన్మలో నే చేసిన పనులలో కష్టతరమైనది. వారు నన్నొక్కమాట అనలేదు. "మా రాత, మీరేం చేస్తారు వదినా" అనిరి. తిరిగి వచ్చిననాడు ఆ బాలిక లోనికి రాక గడపయొద్దనే నిలిచి, మెడపట్టీ ఇమ్మని చేయి చాచినది. తిట్టియుండినచో నాకింత బాధ కలుగకపోవును.

రోగము వచ్చుటకు ముందు మూడుదినములనుండి వారమువఱకు, ఒక్కొక్కప్పుడు రెండువారములవఱకును, క్రిమి లోపల దాగియుండును. కనుక పిల్ల ఇంటనుండియే దానిని తెచ్చియుండునని వైద్యులు చెప్పిరి. దైవముచేతను, రాజుచేతను, చోరులచేతను పోయిన న్యాసమునకు పుచ్చుకొన్నవాడు బాధ్యుడు కాడని స్మృతి చెప్పుచున్నది. ఆ మాట నాకు తెలియును. అయినను దైవమని తప్పించుకొనుటకు నా మనస్సొప్పలేదు. నా కొట్టమున నప్పుడింకను రెండు కుక్కలుండెను. టీకాలు సరిగా వేసినవగుటచే నవి బ్రదికినవి. లేకున్న నొకరి పిల్లపై జాలితో ఇద్దఱి న్యాసముల నగ్గిలో త్రోసినదాన నయ్యెడిదానను. ఆనాడు నాకు తెలిసినది: నేను జాలియనుకొన్నది జాలి కాదు, మొగమాటము. కాదనియుండినచో ఆ కుటుంబము రెండువారములు నన్ను తిట్టుకొనియుండును. చింటు రోగము తప్పెడిదని చెప్పలేను. కాని అది తనవారి చెంతనే యుండెడిది, వారు తొలిదినముననే కనిపెట్టియుందురు.

అప్పుడే వైద్యులయొద్ద కూర్చుండి టీకాల సంగతి పూర్తిగా తెలిసికొంటిని. పిల్లకు ఆఱు లేక ఎనిమిది వారముల వయస్సున మొదటిది వేయించి, మూడునాలుగు వారముల కొకసారి పదునాఱు వారములు నిండువఱకు మరల మరల వేయింపవలెను. ఒక్కటి చాలదా యని నేనడిగితిని. తల్లివలన వచ్చిన రక్షణ పిల్ల శరీరమున నున్నంతకాలము టీకాను పనిచేయనీయదు. ఆ రక్షణ యే పిల్లకు ఏ వారమున తఱుగునో ఎవరును చెప్పలేరు. కనుకనే వరుసగా వేయుట. నడుమ ఒక్కటి తప్పినచో ఆ సందులోనుండియే మృత్యువు దూఱును.

పార్వోక్రిమి నేలయందు నెలల తరబడి బ్రదుకును, సబ్బునకు చావదు. ద్రవరూపమున దొరకు బ్లీచింగు ఒకపాలునకు ముప్పదిపాళ్లు నీరు కలిపి, మొదట మలినమంతయు కడిగిన బండలపై పోసి, పది నిమిషములు నిలువనిచ్చి మరల కడుగవలెను. బండలను శుద్ధి చేయవచ్చును గాని మట్టినేలను చేయలేము. ఆవరణములలోని పైమట్టిని త్రవ్వించి లోతుగా పూడ్పించి, అక్కడను బండలు వేయించితిమి. మూడునెలలు కొట్టము మూసివేసితిని. ఏడాదివఱకు పిల్లకుక్కలను తీసికొనలేదు. అంతవఱకు కూడబెట్టిన సొమ్మంతయు దానికే చెల్లినది. నేడు టీకాల కార్డు సరిగా లేనిచో మా అన్నగారు తెచ్చినను తీసికొనను. రేబిసు, పార్వో, డిస్టెంపరు, ఎలుకమూత్రమువలన వచ్చు లెప్టోస్పైరా జ్వరము, వీనికి టీకాలుండవలెను. పిడుదులవలన వచ్చు జ్వరమునకు టీకా లేదు గనుక చెవులు, వ్రేళ్లసందులు వెదకి చూచినగాని లోనికి రానీయను. ఇందుకు కొందఱికి కోపము వచ్చినది. రానిండు.

కాదనుట నేర్చిన నాకు, కాదనలేని దింకొకటి తటస్థించెను. నిరుడు ఒక కుటుంబము పదునొకండేండ్ల ముసలి లాబ్రడారును వారమునకని యప్పగించి పోయినది. పేరు రాణి. వారము రెండువారములైనది, నెలయైనది. ఫోను మూగపోయినది. ఇల్లు ఖాళీచేసి పోయిరని తరువాత తెలిసినది. ఆకలిదప్పులకు గుఱియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసానివారణ చట్టము ప్రకారము నేరము. గొలుసుతో నెల్లప్పుడు కట్టివేసి త్రిప్పకుండుటయు నందులో నేరముగానే చెప్పబడినది. ఇది చాలమందికి తెలియదు. నేను ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేసి రప్పించినను, వలదనుకొన్న యింట రాణికి మన్నన యేమి?

విడువబడిన జంతువులను చేరదీయు సంస్థలు లేకపోలేదు. 1860వ సంవత్సరమున లండను నగరమున మేరీ టీల్బీ యను స్త్రీ తప్పిపోయిన, ఆకలిగొన్న కుక్కలకై యొక శాల స్థాపించినది. జనులు పరిహసించినను అది బాటర్సీ శాలయను పేర నేటికిని నడచుచున్నది. అంత దూరము పోనేల? మన శ్రీ సత్యసాయి జిల్లాయందే పుట్టపర్తిలో క్లెమెంటీన్ పావ్స్ యను విదేశవనిత 2000వ సంవత్సరమున కరుణ సొసైటీని స్థాపించి గాయపడిన పశువులకును కుక్కలకును ఆశ్రయము కల్పించినది. ప్లాస్టిక్కు సంచులు మ్రింగి చచ్చు ఆవుల తరపున 2012లో సుప్రీముకోర్టు మెట్లెక్కినది ఆ సంస్థయే. రాణిని అట్టి చోటికి పంపుదమా యని మావారడిగిరి. అచ్చట గాయపడినవి, దిక్కులేనివి యెన్నో యుండగా, తిండిపెట్టగల యింటనుండి మఱియొకదానిని పంపుట న్యాయము కాదని తోచినది. రాణి మాయొద్దనే యున్నది. తిరిగి పుచ్చుకొనువారు లేని న్యాసము మఱెవరి సొత్తు?

మొన్న సాయంకాలము మా అవ్వ చేత సంగటిముద్ద పట్టుకొని పెరటి తలుపు తట్టినది. "ఏమ్మే, ముసల్దానికి ఈ పూట కూడు పెట్టినావా లేదా?" అని యడిగినది. సత్రము మాట ఆమె మరల నెత్తలేదు.

ఈ పనివలన లక్షలు రావు. దినమునకు మూడువందల రూపాయలు పుచ్చుకొందును. మందులకు, శుభ్రతకు పోగా మిగిలినది పిల్లల పుస్తకములకు వచ్చును. ఇంటిపట్టున నుండి చేసికొనదగినదే యని మీలో నెవరైన తలపెట్టినచో, రెండు కుక్కలతో మొదలుపెట్టుడు. పశువైద్యుడు గంటలో దొరకు చోటనే పెట్టుడు. అన్నిటికంటె ముందు కాదనుట యభ్యసింపుడు. ధర్మరాజు స్వర్గద్వారమున కుక్కను విడువననిన కథ మనమందఱ మెఱిగినదే. అయితే ఆదిపర్వారంభముననే తప్పుచేయని కుక్కపిల్లను కొట్టించుకొన్న సరమ శాపమును కలదు. ఆ రెండు కథల నడుమ భారతమంతయు నిమిడియున్నది.

శకుంతలను అత్తవారింటికి పంపి కణ్వమహర్షి, న్యాసము తిరిగి యిచ్చినవానివలె తన మనస్సు తేలికపడినదనుకొన్నట్లు కాళిదాసు వ్రాసెను. బండి యాగిన చప్పుడునకే కుక్క తోక యాడించుచు తలుపు గీఱుచుండగా, రెండు తలుపులును ఒకటివెంట నొకటి తెఱచి దానిని యజమాని చేతి కందించునపుడు నాకును అట్టి తేలికయే కలుగును. ఈ పనిలో నాకు ముట్టు అసలైన కూలి యదియే.